కోళ్ల కొట్టానికి గచ్చు

మా ఇస్నాపూర్‌లో కింద గచ్చు, పైన రేకు ఉంటే చాలు, దాన్ని గది అంటారు. గోడలు తర్వాత వస్తాయి. బర్రెలు పోయాక మా పశువుల కొట్టం రెండు గదులైంది. వడ్లు పోసుకునే అర్ర ఇంకో గది అయింది. మెట్ల కింద సందును కూడా నా కొడుకు గది అనే అంటాడు. అందులో ఉండే మనిషి చొక్కా తొడుక్కోవాలంటే బయటికి రావాలి. ఫ్యాక్టరీలకు బీహారు నుంచి, ఒడిశా నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు, మేము గదులు కంటూనే ఉన్నాము. పొలం ఉన్న రోజుల్లో ఇంత పంట ఎన్నడూ చూడలేదు. ఆ కిరాయి అన్నమే నేనూ తింటున్నాను కాబట్టి ఎక్కువ మాట్లాడే హక్కు నాకు లేదు. అయినా మాట్లాడతాను.

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. కోడలు నేర్పింది. చదువు వస్తే లోకం తెలుస్తుందని చెప్పి పలక చేతికిచ్చింది. తీరా నేర్చుకొని వాకిట్లోంచి బస్టాండు దాకా చదువుకుంటూ పోతే, గోడ గోడకూ రాసి ఉన్నది ఒకటే మాట: గదులు కిరాయికి ఇవ్వబడును. లోకం తెలిసింది.

మా ఇంట్లో గది కాకుండా మిగిలింది ఒక్క కోళ్ల కొట్టం. పెరట్లో ప్రహరీ గోడకు ఆనించి మా ఆయన కట్టింది. మనిషి తల వంచకుండా లోపలికి పోవచ్చు. అది దాని మొదటి దోషం. రెండో దోషం గచ్చు. మట్టి నేల ఉన్నప్పుడు పందికొక్కులు కింది నుంచి తవ్వుకొని వచ్చి కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేవి. ఇంటికి స్లాబు పోసిన రోజు మిగిలిన కాంక్రీటును మా ఆయన తట్టలకెత్తి మోసుకుపోయి కొట్టంలో పోశాడు. వెనక గోడ దిక్కు పల్లంగా వాటం పెట్టి, గోడకు తూము వదిలాడు. నాలుగు బిందెలు గుమ్మరిస్తే రెట్ట అంతా కొట్టుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పడేది. ఊరు నవ్వింది. మనుషులు పేడ అలికిన నేల మీద పండుకుంటుంటే కోళ్లకు కాంక్రీటా అన్నారు. నవ్విన వాళ్లు ఇప్పుడు బాత్రూం గోడలకు కూడా టైల్సు వేసుకొని, నేల మీద కూర్చుంటే మోకాళ్లు లేవడం లేదని మూలుగుతున్నారు.

మా ఆయన పోయాక కొట్టంలో కోళ్లు తగ్గి నా కొడుకు సామాను పెరిగింది. తిరగని కూలర్లు, ఎండిన రంగు డబ్బాలు, ఎన్నికలప్పటి ఫ్లెక్సీలు. గెలిచిన వాళ్లవీ ఓడిన వాళ్లవీ ఒకదాని మీద ఒకటి పడుకొని ఉండేవి, అన్నదమ్ముల్లాగ. గచ్చు ఒక మూల పగిలింది, రేకులు తుప్పు పట్టాయి. కోళ్లు మునగచెట్టెక్కి పండుకోవడం అలవాటు చేసుకున్నాయి. చెట్టు కింద కిరాయి వాళ్ల బండ్లు. పొద్దున్నే డ్యూటీకి పోయేవాళ్లు సీట్లు తుడుచుకుంటూ కోళ్లను వాళ్ల భాషలో తిట్టేవాళ్లు. తిట్లు అర్థం కావడానికి భాష రానక్కరలేదు.

మొన్నటి ఎండాకాలంలో నా కొడుకు కొట్టం ముందర నిలబడి టేపు పట్టి కొలుస్తుంటే చూశాను. ఏందిరా అంటే దాచకుండా చెప్పాడు. కింద గచ్చు ఉన్నదట, రేకులు మార్చి తలుపు పెడితే ఇద్దరు పండుకుంటారట. మరి కోళ్లో అంటే, గూడు ఉండగా చెట్టెక్కే జాతికి గూడెందుకు అన్నాడు. వాడి మాటలో తప్పు దొరకలేదు. నాకు అన్నిటికంటే కోపం వచ్చింది అందుకే.

వానాకాలం చెట్టు మీద ఉన్న కోడిని పిల్లి వదలదు. కొట్టం పోతే కోళ్లు పోయినట్టే. కోళ్లు పోతే ఆ ఇంట్లో నా పని అనేది ఏదీ మిగలదు. పొలం లేదు, పాడి లేదు, వంట కోడలిది, కిరాయి వసూలు కొడుకుది. పొద్దున్నే లేచి నేను తీయడానికి ఒక తలుపు ఉండాలి. ఈ మాట వాడితో అనలేదు. అంటే టీవీ ముందర కుర్చీ వేసి కూర్చోబెడతాడు. కొట్టాన్ని నేను బాగు చేయించుకుంటానని మాత్రం చెప్పాను. వాడు కిరాయిదారుతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"బోనాల దాక చూస్త. అప్పటికి కోళ్లు లోపల పండుకుంటే కొట్టం నీది. పండుకోకుంటే గది."

సాయానికి మా మరిది వచ్చాడు. పిలవలేదు, వచ్చాడు. ఫ్యాక్టరీ మెషీన్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వెంట్రుక మందం తేడా వచ్చినా ఇనుమును వాపసు పంపేవాడినని చెప్పుకుంటాడు. రిటైరయ్యేటప్పుడు తోటివాళ్లు శాలువా కప్పి, ఏం కావాలని అడిగితే రసమట్టం అడిగి తెచ్చుకున్నాడు. గాజు గొట్టంలో నీటి బుడగ మధ్యకు వస్తే లెవెలు ఉన్నట్టు, పక్కకు పోతే లేనట్టు. అది పట్టుకొని ఆయన చుట్టాల ఇండ్లకు పోతాడు. పెండ్లిపందిట్లో స్టేజీ వంకర ఉందని చెప్పి పిల్లతండ్రిని ఏడిపించిన మనిషి.

నేను సంగారెడ్డిలో ఒక పెండ్లికి పోయి వచ్చేలోపల మరిది పని ముగించాడు. పగిలిన మూల ఒకటి పూడ్చమని చెప్పి పోతే, గచ్చు మొత్తం మీద కొత్తగా సిమెంటు పోసి అద్దంలాగ నునుపు చేశాడు. నేను తలుపులో నిలబడి నోరు తెరిచాను. మెచ్చుకుంటున్నాననుకొని రసమట్టం తెచ్చి గచ్చు మీద పెట్టి చూపించాడు. బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. ఒక్క బాధ మాత్రం చెప్పుకున్నాడు. సిమెంటు ఆరకముందే ఏదో పెట్ట దాని మీద నడిచి పోయిందట. ఆ కాళ్ల గుర్తులన్నీ తాపీతో పూడ్చేసరికి ఆయన నడుము పట్టేసిందట.

"అన్న పాపం కంటి అందాజతోని పోసిండు వొదినె. తలుపు దిక్కు ఎత్తు, గోడ దిక్కు పల్లం. నేను లెవెల్ చేసిన."

"తూము ఏదయ్యా?"

"బొక్క ఉంటె పందికొక్కు రాదా. మూసిన."

"మరి నీళ్లు ఎటు పోవాలె?"

"పైన రేకులున్నయ్ కద. నీళ్లెక్కడియి?"

"కోళ్లు నీ లెక్క డ్యూటీ దిగి బాత్రూంకు పోతయా? కడగొద్దా?"

మరిది రసమట్టం సంకన పెట్టుకొని వెళ్లిపోయాడు. బుద్ధి తెచ్చుకున్నాడేమో అనుకున్నాను. తెల్లారి పటాన్‌చెరు నుంచి రబ్బరు వైపరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆస్పత్రుల్లో వాడేదట. మంచి కంపెనీ అట.

ఇక మా పక్కింటి సారు. కోస్తా నుంచి గవర్నమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. వచ్చి నా జుట్టు నెరిసినంత కాలమైంది, మాట మాత్రం నిన్న రైలు దిగినట్టే ఉంటుంది. ప్రహరీ మీద నుంచి తొంగి చూసి, కోళ్లకు గాలి ఆడదని తీర్పు చెప్పాడు.

"మా వైపు పుంజుకి బాదంపప్పు పెడతామండీ అక్కగారూ. మీరు కనీసం గాలన్నా పెట్టండి."

బాదంపప్పు తిన్న పుంజు చివరికి ఏ కూరలోకి పోతుందో నేను అడగలేదు. ఆయన ఫోనులో వీడియోలు చూసి, దగ్గరుండి రెండు గోడలకు కిటికీలు కొట్టించి, దోమలు రాని జాలీ పెట్టించాడు. లోపల ట్యూబులైటు వేయించాడు. వెలుతురు ఉంటే గుడ్లు బాగా పెడతాయట. మరిది ఊరుకుంటాడా, రేకులు మార్చి గోడలకు తెల్ల సున్నం కొట్టాడు. ఇద్దరూ పోటీ పడి చేసిన పని చూస్తే, దేశమేలే కోడి ఎవరో దిగబోతోందని అనిపించింది. తెల్లాపూర్ మేడల నుంచి కారేసుకొని నాటుకోడి గుడ్ల కోసం వచ్చే ఒకామె ఫోటో తీసుకొని, చాలా క్యూట్‌గా ఉందని అంది. ఆమె ముందే కోళ్లు చెట్టెక్కాయి.

అప్పుడు నాకు తెలిసివచ్చింది. కొట్టం బాగుపడే కొద్దీ గదికి దగ్గరవుతోంది. నా కొడుకు రోజూ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నేరుగా పెరట్లోకి పోయి, కొట్టాన్ని చూసి మురిసిపోయేవాడు. ఇసొంటి గచ్చు మన పడక గదిలో కూడా లేదమ్మా అనేవాడు. వాడు ఒక్క ఇటుక పెట్టలేదు, ఒక్క రేకు మోయలేదు. పిల్లను పెంచేది నేను, పెండ్లిచూపులు వాడివి.

ఒక ఆదివారం మా వెనక గదిలో ఉండే ఒడిశా మనిషి కొట్టం ముందర ఆగాడు. నిండా మనుషులున్న గది అది. ఒకడు డ్యూటీకి పోతే ఆ చాప మీద ఇంకొకడు పండుకుంటాడు. ఈ గది ఎవరిదని హిందీలో అడిగాడు. కోళ్లదని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి వాడూ ఆపాడు. లోపలికి తొంగి ట్యూబులైటు చూశాడు, రెండు కిటికీలు చూశాడు, గచ్చు మీద అరచేయి ఆనించి చూశాడు. నన్ను కూడా కోడిని చెయ్యమ్మా అన్నాడు. అందులో వెటకారం ఉంటే నేను తిట్టేదాన్ని. లేదు.

ఆ మాట నా కొడుకు చెవిన పడింది. కోళ్లు రాకపోతే నీకే అని ఆ మనిషికి మాట ఇచ్చేశాడు.

నేను కోళ్లను గంపలో పట్టి తెచ్చి కొట్టంలో వదిలి తలుపు వేశాను. మొదటి రోజులు ఎలాగో గడిచాయి. కడిగినప్పుడల్లా నీళ్లు ఎటూ పోకుండా పళ్లెంలో చారులాగ నిలబడేవి. వైపరుతో ఈ మూల నుంచి తోస్తే ఆ మూలకు పోయేవి, ఆ మూల నుంచి తోస్తే నా కాళ్ల మీదికి వచ్చేవి. లెవెలు అంటే అదే కదా, ఏ మూలకూ అన్యాయం జరగదు. తర్వాత వాన పడింది. సారు పెట్టించిన గాలి కిటికీల్లోంచి జల్లు లోపలికి కొట్టింది. పొద్దున తలుపు తీస్తే రెట్ట, వాన నీళ్లు కలిసి చెరువైంది. కోళ్లన్నీ మూలనున్న ఒక్క ఇటుక ఎక్కడానికి కొట్లాడుకుంటున్నాయి. తడి గచ్చు మీద నిలబడి నిలబడి ముసలి పెట్టకు పాదం కింద పుండు లేచింది. తలుపు తీయడమే ఆలస్యం, అన్నీ పోయి మునగచెట్టెక్కాయి. పుంజు అయితే నా మొఖం కూడా చూడలేదు.

నా కొడుకు వచ్చి చెట్టు వైపు చూశాడు. ఖాళీ అయిన గదిలోంచి ఇనుప మంచం ఒకటి తెచ్చి కొట్టం గోడకు నిలబెట్టి పోయాడు. వాడు అరిస్తే నేనూ అరిచేదాన్ని. ఆ మంచం నా వైపు చూస్తూ నిలబడింది.

గడ్డపార తీసుకున్నాను. గచ్చు మీద మొదటి పోటు వేస్తే గీత పడింది, అంతే. రెండోదానికి నా భుజం కదిలింది, గచ్చు కదలలేదు. మా మరిది పనితనం గట్టిదే, చెడగొట్టబోతే గాని తెలియలేదు. చప్పుడు విని ఆయన రెండిండ్ల అవతల నుంచి పరుగెత్తుకొచ్చాడు. నేను ఆయన రొమ్ము మీద పొడుస్తున్నట్టే నిలబడి చూశాడు. అద్దంలాంటి గచ్చు అన్నాడు. కోళ్లు అద్దం చూసుకోవు అన్నాను. రెండు పోట్లు ఓర్చుకున్నాడు, మూడో పోటుకు గడ్డపార గుంజుకున్నాడు.

"పగలగొట్టుడన్న ఒక తీరుగ పగలగొట్టు వొదినె. గిట్ల వంకర టింకర పొడిస్తె ఎట్ల?"

ఉలి, సుత్తె తెచ్చుకొని వరుసగా గీతలు గీసుకొని మరీ పగలగొట్టాడు. పైన ఆయన పోసిన పొర పెచ్చులు పెచ్చులుగా లేచి కింద అన్న పోసిన గచ్చు బయటపడింది. గరుకుగా, నల్లగా, వాటంగా. దాని మీద కూడా తలుపు నుంచి తూము దాకా కోడి కాళ్ల గుర్తులున్నాయి. మా ఆయన వాటిని పూడ్చలేదు. ఎందుకు పూడుస్తాడు, తొక్కేవి అవే కదా. మరిది చాలాసేపు వాటిని చూశాడు. నేను ఏమైనా అంటానేమోనని ఎదురుచూశాడు. అనలేదు. ఆయనకు అదే ఎక్కువ బాధ అని నాకు తెలుసు.

తర్వాత మళ్లీ మెషీన్ షాపు మనిషి అయ్యాడు. పగిలిన మూల నింపాలి కదా, వాటం ఎంత పెట్టాలని అడిగాడు. నాకేం తెలుసు, చెంబెడు నీళ్లు పోస్తే ఆగకుండా పోవాలి అన్నాను. అది కొలత కాదన్నాడు. చెంబు తెచ్చి పోసి చూపించాను. నీళ్లు పోయి తూము మూత దగ్గర ఆగాయి. తూము తెరిచాడు, మళ్లీ పోశాను, బయట కరివేపాకు మొదట్లో చప్పుడు వినబడింది. పందికొక్కు రాకుండా తూముకు ఇనుప జాలీ బిగించాడు. ఆ ఒక్క పని మా ఆయనకు తోచలేదని అన్నాను. మరిది మొఖం వెలిగింది. అబద్ధం కాదు, నిజంగానే తోచలేదు.

కిటికీల్లో వాన వచ్చే దిక్కుదాన్ని పాత ఎన్నికల ఫ్లెక్సీ కట్టి మూసేశాను. చేతులు జోడించి నవ్వుతున్న నాయకుడు వానకు అడ్డం నిలబడ్డాడు. ఆయన ఓటర్లకు ఇంత పని చేసి ఉంటే గెలిచేవాడు. మిగిలిన ఫ్లెక్సీల కర్రలు ఊడదీసి, కోళ్లు ఎక్కి పండుకోవడానికి గోడకూ గోడకూ అడ్డంగా ఎత్తు మీద బిగించాము. చెట్టెక్కే జాతి కదా, చెట్టునే లోపలికి తెచ్చాము. కింద మిల్లు నుంచి తెచ్చిన ఊక చల్లాను. పొదగడానికి కూర్చున్న పెట్టను గుడ్లతో సహా గంపలో తెచ్చి లోపలి మూలన పెట్టాను. దాన్ని చూసి ముసలి పెట్ట కుంటుకుంటూ వచ్చింది. వాటి వెనక పుంజు, ఎవరో బతిమాలితే వచ్చినట్టు. కర్రలెక్కి, గెలిచిన వాళ్లు ఓడిన వాళ్లు అని చూడకుండా అందరి కర్రల మీదా సమానంగా రెట్ట వేశాయి.

బోనాల ముందు రోజు పొద్దుగూకే వేళ నా కొడుకు తనిఖీకి వచ్చాడు. వెంట కోడలు కూడా వచ్చింది. వాడు ఫోను లైటు వేసి కర్రల మీద కోళ్లన్నిటినీ చూశాడు. మొఖం చిన్నబోయింది. తర్వాత బయటికి వచ్చి మునగచెట్టు మీదికి లైటు కొట్టాడు. కొమ్మ మీద నల్ల పెట్ట ఒకటి కూర్చొని ఉంది. అది మొదటి నుంచీ మొండిది.

"అన్నీ లోపల ఉండాలన్న కదనే. గదేంది?"

"నీ రూములల్ల ఎందరు ఉండాలె, ఎందరు ఉన్నరు? నేనెన్నడన్న లైటు కొట్టి చూసిన్నా రా?"

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు మాట మార్చాడు. ఒడిశా మనిషికి మాట ఇచ్చానని, మంచం కూడా చూపించానని, ఇప్పుడు లేదంటే ఇజ్జత్ పోతుందని అన్నాడు. వాడికి ఇజ్జత్ ఉందని నాకు అప్పుడే తెలిసింది. సరే, మాట పోవద్దు కదా అని ఇంటి ముందుకు చెయ్యి చూపించాను. అక్కడ వాడి కారు ఉంటుంది. మూడు దిక్కుల గోడ, పైన రేకులు, కింద టైల్సు, ముందు గేటు. అందులో అది ఒక్కటే పండుకుంటుంది, తన పక్క ఎవరితోనూ పంచుకోదు.

"కింద గచ్చున్నది బిడ్డా. లెవెల్ గూడ మీ చిన్నాయినే చూసిండు. గేటుకు రేకు కొడితే గది."

"కారు ఏడ పెట్టాలె?"

"చెట్టు కింద. కోళ్లు ఖాళీ చేసినయి."

కొడుకు కోడలి వైపు చూశాడు. ఆమె, అత్తమ్మ చెప్పింది నిజమే కద, ఆ మనిషికి ఆశ పెట్టింది నువ్వే కద అంది. నాకు అక్షరాలు నేర్పినప్పుడు కూడా ఆమె ఇంతే, తప్పు రాస్తే తప్పని చెప్పేది. బోనాలు అయ్యాక వాడు కారు తీసి గేటుకు రేకు కొట్టించాడు. ఒడిశా మనిషి ఇనుప మంచం తానే మోసుకుపోయి అందులో వేసుకున్నాడు. కిటికీ లేదు, సారుకు చెప్పాను. ఆయన టేపు తీసుకొని బయలుదేరాడు. మరిది రసమట్టం తీసుకొని ఆయన వెంట పోయాడు.

ఇప్పుడు పొద్దున్నే నేను కొట్టం తలుపు తీస్తాను, నీళ్లు కొడతాను, అవి తూములోంచి పోతాయి. అదే సమయానికి నా కొడుకు బకెట్టు, బట్ట పట్టుకొని మునగచెట్టు కింద కారు తుడుస్తూ ఉంటాడు. నల్ల పెట్ట ఇంకా కొమ్మ మీదే పండుకుంటుంది. దాన్ని పట్టి లోపల వేయమని వాడు రోజూ అడుగుతాడు. అది నా మాట వినదని చెబుతాను.